కొమ్ముకో సర్టిఫికెట్, మనిషికో సర్టిఫికెట్

ఆర్మూరు ప్రాంతం నుంచి విదేశాలకు వెళ్లే సరుకులు ప్రధానంగా రెండు: ఒకటి పసుపు, రెండోది మనిషి. రెండింటికీ గల్ఫ్‌లో గిరాకీ ఉంది, రెండింటికీ ఎల్ల దాటే ముందు పరీక్షలున్నాయి, రెండింటి ధరనూ కొనేవాడే నిర్ణయిస్తాడు. నిజామాబాద్ యార్డుకు చేరిన పసుపును కొమ్ము, గోళ, చూర అని వేరుచేసి, కొమ్మును విరిచి లోపలి రంగు చూసి, తేమ ఎంతుందో అంచనా వేసి, కుర్కుమిన్, అనగా పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం, ఎంత శాతమో కూడా లెక్కలోకి తీసుకుని ధర కడతారు. ఓడ ఎక్కాలంటే దానికి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే సరుకు వెంట చీడపీడలు రావడం లేదని ఎగుమతి చేసే దేశం ఇచ్చే హామీ పత్రం, జతపడాలి. మనిషి విషయంలో ఇదే హామీకి జనవ్యవహారంలో ‘మెడికల్’ అని పేరు. 1970లలో చమురు ధరలు పెరిగి ఎడారిలో కట్టడాలు లేచిన నాటినుంచి నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి ఈ రెండో సరుకు నిరాటంకంగా వెళుతూనే ఉన్నా, దాని ప్రవేశార్హతలపై తగినంత శాస్త్రచర్చ జరగకపోవడం విచారకరం.

గల్ఫ్ సహకార మండలిలోని 6 దేశాలు, అనగా సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, తమ దగ్గరికి పనికి వచ్చేవారిని తాము గుర్తించిన కేంద్రాల్లోనే పరీక్షించాలని నియమం పెట్టుకున్నాయి. చాలాకాలం ‘గామ్కా’ అనే పేరుతో నడిచి, ఇప్పుడు ‘వాఫిద్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థగా మారిన ఈ ఏర్పాటులో, అభ్యర్థి నగరంలో తనకు కేటాయించిన కేంద్రానికి వెళ్లి, రక్తమూ మూత్రమూ ఇచ్చి, ఛాతీకి ఎక్స్‌రే తీయించుకోవాలి. హెచ్‌ఐవీ గానీ, హెపటైటిస్ బి, సి గానీ, క్షయ గానీ బయటపడితే ‘అన్‌ఫిట్’. గర్భవతి అయిన స్త్రీ కూడా అన్‌ఫిట్టే. మనుషులు పుట్టడాన్ని వ్యాధుల జాబితాలో చేర్చిన ఘనత ఈ శాస్త్రానిదే. ఎప్పుడో వచ్చి, మందులు మింగి, నయమైపోయిన క్షయ ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ వదిలి ఉంటే, నయమైందని డాక్టరు రాసిచ్చినా ఎక్స్‌రే ఒప్పుకోదు. పుచ్చిన కొమ్మును ధర తగ్గించైనా ఎవరో ఒకరు కొంటారు గానీ, మచ్చపడిన ఊపిరితిత్తికి ఆ పాటి బేరం కూడా కుదరదు. అభ్యర్థి అప్పటికే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టిన డబ్బు మాత్రం ఎలాంటి పరీక్షా లేకుండా, ఎప్పుడూ ఫిట్‌గానే, ఏజెంటు దగ్గరే ఉండిపోతుంది. ఇక్కడ ఫిట్ అయినవారిని అక్కడ దిగాక మళ్లీ పరీక్షిస్తారు. ఆ పరీక్షలో తప్పినవారికి తిరుగు టికెట్టే ఫలితం.

భారత ప్రభుత్వం వైపు నియమాలు మరింత తాత్వికమైనవి. 1922 నాటి చట్టం స్థానంలో వచ్చిన 1983 వలసల చట్టం పుణ్యమా అని దేశంలో పాస్‌పోర్టులు రెండు తెగలయ్యాయి. పదో తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ తెగకు చెందుతుంది; అంటే గల్ఫ్ సహా కొన్ని నిర్దేశిత దేశాలకు పనికి వెళ్లాలంటే ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి, అనగా వలసపోయేవారి సంరక్షకుడు, అనుమతి ఇవ్వాలి. పది ప్యాసైనవారికీ, ఆదాయపు పన్ను కట్టేవారికీ, 50 ఏళ్లు దాటినవారికీ ఈ సంరక్షణ అక్కర్లేదు. త్రికోణమితి చదివినవాడిని ఏ కఫీలూ, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే అరబ్బు యజమాని, మోసగించలేడనీ, యాభై దాటిన మనిషికి ఎడారి ఎండ తగలదనీ దీని వెనక ఉన్న సిద్ధాంతం. ఈ రెండు తెగలూ దూరం నుంచే గుర్తుపట్టేలా ఉండాలని కాబోలు, 2018 జనవరిలో ఈసీఆర్ వారికి నారింజ రంగు అట్ట వేసే ఆలోచన కూడా ఢిల్లీకి వచ్చింది. విమర్శలు చెలరేగడంతో నెల తిరగకముందే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

సంరక్షకుడి అనుమతి పనికి వెళ్లేవారికే గానీ చుట్టపుచూపుగా వెళ్లేవారికి అవసరం లేదు. అందువల్ల గల్లీ ఏజెంటు చేతిలో చట్టం సులభంగా కరిగిపోతుంది: సెంట్రింగ్ పనికి పోయే మనిషి చేతిలో విజిట్ వీసా పెడితే, అతడు కాగితం మీద బుర్జ్ ఖలీఫా చూడబోయే యాత్రికుడవుతాడు. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మించి తీసుకోరాదని నిబంధన ఉంది. లైసెన్సే లేనివారికి ఈ పరిమితి ఎలా వర్తిస్తుందో నిబంధన చెప్పదు. ఇక ‘ఆజాద్ వీసా’ అనేది మరో విచిత్ర పదార్థం. ఎక్కడైనా స్వేచ్ఛగా పనిచేసుకోవచ్చని చెప్పి అమ్మే ఈ వీసా ఏ దేశ చట్టంలోనూ లేదు. దాన్ని నమ్ముకున్నవాడు కాగితం మీద ఒక కఫీలు దగ్గర, నిజంగా మరొకరి దగ్గర పనిచేస్తూ, చివరికి ‘కల్లివెల్లి’, అనగా పత్రాల్లేకుండా తిరిగే మనిషి, అవుతాడు. అలాంటివారు ఇంటికి రావాలంటే క్షమాభిక్ష కోసం ఎదురుచూడాలి. యూఏఈ 2018లోనూ 2024లోనూ అలాంటి అవకాశం ఇచ్చింది. ప్రవేశార్హతలు ఇన్ని ఉన్న చోట నిష్క్రమణార్హత కూడా ఉండటం సబబే.

సామాను సర్దుకోవడంలోనూ శాస్త్రజ్ఞానం కావాలి. నాటుకోడి కూరకు పేరుమోసిన అంకాపూర్ పక్కనే ఉన్నందున ఆర్మూరు వంటింట్లో గసగసాలు మసాలా దినుసుగానే చలామణి అవుతాయి గానీ, నల్లమందు మొక్క గింజలైన కారణంగా యూఏఈలోనూ సౌదీలోనూ అవి నిషిద్ధ పదార్థం. నొప్పులకు వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్ కూడా యూఏఈలో ముందస్తు అనుమతి లేనిదే తీసుకువెళ్లకూడని మత్తు మందుల వర్గంలోకే వస్తాయి. కనుక బయలుదేరేవాడు డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోవాలి, ఊరివాళ్లు ఇచ్చిన పార్సిల్ విప్పి చూసుకోవాలి, అమ్మ కట్టిన మసాలా పొట్లాన్ని అనుమానించాలి. చెడ్డ కాంట్రాక్టును దాటనిచ్చే విమానాశ్రయాలు చారెడు గసగసాలను మాత్రం దాటనివ్వవు.

ఈ పరీక్షలన్నింటిలో ఒక దిశ ఉంది: ఆర్మూరు మనిషి ఆ దేశానికి ఏ జబ్బు తెస్తాడో అన్నీ విచారిస్తాయి, ఆ దేశం ఆర్మూరు మనిషికి ఏ జబ్బు ఇస్తుందో ఏదీ విచారించదు. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని ఆపాలని గల్ఫ్ దేశాలు నియమం చేసిన మాట నిజం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా విరామం. ఖతార్ 2021 నుంచి జూన్ 1 మొదలుకొని సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి 3.30 వరకు ఆపమన్నది. అంతేగాక గాలిలో వేడి, తేమ, ఎండ తీవ్రత కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని నిలిపివేయాలని ఖతార్ చెప్పింది. అయితే సెప్టెంబర్ 16న సూర్యుడు కూడా ఈ ఉత్తర్వులు చదివి చల్లబడతాడని అనుకోవాలి. నీళ్లు బాగా తాగమని ప్రయాణికుడికి సలహాలు దొరుకుతాయి. నీళ్లూ నీడా ఇవ్వవలసింది ఎవరో ఆ సలహాల్లో దొరకదు. చెమట రూపంలో పోయిన నీరు తిరిగి చేరక ఏళ్ల తరబడి మూత్రపిండాలు ఎండిపోతే, వచ్చినప్పుడు ఫిట్ అని రాసిన వ్యవస్థ తిరిగి వెళ్లేటప్పుడు ఏమీ రాయదు.

ఈ మౌనం అసలు విలువ మరణంలో తెలుస్తుంది. రాత్రి క్యాంపులో పడుకుని తెల్లవారి లేవని యువకుడి మరణపత్రంలో ‘సహజ కారణాలు’ అనో ‘గుండె ఆగింది’ అనో రాయడం అక్కడ పరిపాటి. గుండె ఎందుకు ఆగిందన్నది అసహజమైన ప్రశ్న. ఇక్కడ ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే పథకం ఉంది: ఈసీఆర్ కార్మికుడు రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే 10 లక్షల బీమా దక్కుతుంది, కాని అది ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం కలిగినా మాత్రమే. ఎడారి సహజంగా చంపుతుంది, బీమా ప్రమాదానికే ఇస్తుంది. రెండు శాస్త్రాలూ ఒకదానినొకటి తాకకుండా ఎంత జాగ్రత్తగా నడుస్తాయో గమనించదగ్గది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇచ్చే ఉత్తర్వులు తేవడంతో చనిపోయాకైనా కొంత గుర్తింపు దక్కింది. పెట్టెలో తిరిగివచ్చేవాడికీ ప్రవేశార్హతలు ఉన్నాయి: మరణపత్రం, రాయబార కార్యాలయం అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు, దేహం చెడిపోకుండా మందులెక్కించినట్టు ఎంబామింగ్ సర్టిఫికెట్. వీటి కోసం 2023లో కేంద్రం ‘ఈ-కేర్’ అనే పోర్టల్ తెరిచింది. బతికున్నప్పుడు దొరకని కేర్ అలా చేరవలసిన చోటికే చేరింది.

న్యాయంగా చూస్తే మెడికల్ రెండు వైపులా జరగాలి. పంపే ఊరు కూడా తన ప్రమాణాలు రూపొందించుకుని, కంపెనీని పిలిపించి, జీతాల రిజిస్టరుకు రక్తపరీక్ష, ఇక్కడ సంతకం చేయించిన కాంట్రాక్టుకూ అక్కడ చూపించే కాంట్రాక్టుకూ పక్కపక్కన పెట్టి ఎక్స్‌రే, క్యాంపు గదిలో మంచాల లెక్కకు మూత్రపరీక్ష చేయించాలి. మూడు నెలల జీతం బకాయి ఉన్న మచ్చ ఒక్కటి కనబడినా, తర్వాత తీర్చేశామని ఎన్ని పత్రాలు చూపినా వినకుండా, అన్‌ఫిట్ అని ముద్ర కొట్టి, ఆ సంగతి ఆరు దేశాలకూ ఒకే తెర మీద తెలియజేయాలి. పరీక్ష ఖర్చు కంపెనీదే.

ఇది అసాధ్యమనేవారికి పసుపు చరిత్ర సమాధానం చెబుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేయగా వారిలో 178 మంది రైతులే. ఆ రైతులు పసుపుకు బోర్డు, ధర కావాలని నామినేషన్లు వేసినవారు. ధర సంగతి ఇంకా తేలలేదు గానీ, 2025 జనవరి 14న బోర్డు మాత్రం నిజామాబాద్‌లో ప్రారంభమైంది. గల్ఫ్ కార్మికులు కూడా తమకొక బోర్డు కావాలని ఏళ్లుగా అడుగుతున్నారు గనుక ఇదే దారి పట్టవచ్చు. కాకపోతే విదేశంలో ఉన్న భారతీయుడు ఓటరుగా నమోదు కావచ్చు గానీ అక్కడినుంచి ఓటు వేయలేడు. సొంత ఖర్చుతో వచ్చి, పోలింగ్ కేంద్రంలో ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి. చట్టం ఒప్పుకోకపోయినా ఆ పాస్‌పోర్టు చాలామందిది కంపెనీ బీరువాలో, ఏ జబ్బూ సోకకుండా, భద్రంగా ఉంటుంది.