చింతపండు పద్యానికి తుళ్లూరు టీక

మూలం

తే.గీ.
చింతపండుతో నిత్తడి చెంబు మెరయు
నిమ్మచెక్కతో నద్దాలు నిగ్గు తేలు
బ్లీచు యాసిడ్డు కలిపిన బిలుచు చావు
తెలియవలెనయ్య తుళ్లూర దీని గుట్టు

అవతారిక: 2015 అక్టోబరు 22న తుళ్లూరు దగ్గరి ఉద్దండరాయునిపాలెంలో ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతికి శంకుస్థాపన అయింది. వెలగపూడిలో సచివాలయం, నేలపాడులో హైకోర్టు, చుట్టుపక్కల హాస్టళ్లు, అద్దె ఆఫీసులు లేచాయి. పత్తి తీసి మిరపకాయలు కోసిన చేతులు కొన్ని మాపుకర్ర పట్టాయి. మందులు కొనని మేస్త్రీ ఎవరో “మీ ఇంట్లో దేంతో తోముతావో దాంతోనే రుద్దమ్మా” అంటే, విన్న ఇల్లాలు బదులుగా చెప్పిన పద్యమిదని వ్యాఖ్యాత ఊహ.

ప్రతిపదార్థం: అయ్య = ఓ మేస్త్రీ; చింతపండుతోన్ = నానేసి పిసికిన పాత చింతపండుతో; ఇత్తడి చెంబు = చిలుమెక్కిన చెంబు; మెరయున్ = తళతళలాడును; నిమ్మచెక్కతోన్ = రసం పిండగా మిగిలిన డొప్పతో (పిండనిది పులిహోరకు పోవును); అద్దాలు = బోరు నీళ్ల తెల్లమరకలు పడ్డవి; నిగ్గు తేలున్ = మొహం కనపడును; బ్లీచు = బ్లీచింగ్ పౌడరు; యాసిడ్డు = బాత్రూములో పోసేది; కలిపినన్ = ఒకే బకెట్టులో పోసినచో; చావు పిలుచున్ = స్పష్టం; తుళ్లూరన్ = తుళ్లూరులో; దీని గుట్టు తెలియవలెన్ = ముందు నువ్వు తెలుసుకో.

తాత్పర్యం: వంటింటి సరుకు పనిచేస్తుంది. ఎక్కడ పడితే అక్కడ కాదు.

విశేషాలు: చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. మొదటిది ఇత్తడి చిలుమును, రెండోది బోరు నీటి సున్నపు మరకను కరిగిస్తాయి. అయితే పల్నాటి నాపరాయి కూడా సున్నపురాయే. మరకను తినే పులుపు రాతిని మాత్రం వదులుతుందా? ఇంట్లో చెంబు తోమినట్టు ఆఫీసు నాపరాళ్ల వరండాను రోజూ నిమ్మనీళ్లతో తుడిస్తే ఏడాది తిరక్కుండానే నునుపు పోతుంది. చీమకుర్తి గ్రానైటు అంత తేలిగ్గా లొంగదు. కనక మేస్త్రీ ముందు బండ ఏ ఊరిదో అడగాలి.

పూర్వపక్షం: నిమ్మరసంలో వంటసోడా వేస్తే బుసబుసా పొంగుతుంది గదా, అదే శుభ్రం కాదా? కాదు. ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి మింగేశాక బకెట్టులో మిగిలేది ఉప్పునీళ్ల బాపతు. విడివిడిగా వాడితే రెండూ మంచివే. నురగ చూసి మురిసేది సూపర్‌వైజరు, బండ కాదు.

మరో పూర్వపక్షం: ఇంటి సరుకు గనక హాని ఉండదు. ఇక్కడే కవయిత్రి గడుసుతనం. మూడో పాదంలో “యాసిడ్డు” ఉపలక్షణం, అంటే ఒకటి చెప్పి దాని జాతినంతా పట్టుకోవడం. మొదటి రెండు పాదాల్లో పొగిడిన చింతపండూ నిమ్మకాయా ఆ జాతివే. బ్లీచింగ్ పౌడరుకు ఏ పులుపు తగిలినా వెలువడేది క్లోరిన్. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని యీప్ర వద్ద జర్మను సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. గాలికంటే బరువు కాబట్టి నేలబారునే పారుతుంది. గొంతుక్కూచుని గిన్నె రుద్దే మనిషి ముక్కుకు ముందు తగులుతుంది, గుమ్మంలో నిలబడి అజమాయిషీ చేసేవాడికి ఆలస్యంగా తెలుస్తుంది. సంబోధన అతనికే ఎందుకు పెట్టిందో ఇప్పుడు బోధపడుతుంది.

ఇక వందలమంది వాడే మరుగుదొడ్డికి నిమ్మడొప్ప చాలదు. మరక పోవడం వేరు, క్రిమి చావడం వేరు. దానికి బ్లీచింగ్ పౌడరే తేవాలి, ఒంటరిగా వాడాలి, చేతికి గ్లౌజులివ్వాలి. ఆ ఖర్చు ఇల్లాలి వంటింట్లోంచి కాక కాంట్రాక్టు సొమ్ములోంచి రావాలి.

పాఠాంతరం: కొందరు “బిలుచు దగ్గు” అని చదువుతారు. గణాలు చెడవు, యతి పోదు. మేస్త్రీల సంప్రదాయంలో ఈ పాఠానికే ఆదరణ ఎక్కువ. కిటికీ లేని మరుగుదొడ్డి విషయంలో మొదటి పాఠమే సాధువు.