రెండు వరసల వెనక

హర్లింగ్ ఆట అర్థం కావాలంటే ముందు స్టేడియానికి కాదు, పబ్బుకి వెళ్లాలి అనేవాడు ఐర్లండ్‌లోని లిమరిక్‌లో నాతో పనిచేసే మిత్రుడు. ఆయనది పక్కనున్న టిప్పరరీ కౌంటీ. మాట అతిశయోక్తి కాదు. ఆ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అందరూ జీఏఏ అంటారు, టిప్పరరీలోని థర్లెస్ పట్టణంలో హేస్ హోటల్ బిలియర్డ్స్ గదిలో పుట్టింది. 1884 నవంబరు 1న మైకేల్ క్యూసాక్ పిలుపు అందుకుని వచ్చినవాళ్లు పట్టుమని పాతికమంది లేరు. ఇవాళ ఆ సంఘానికి క్లబ్బు లేని ప్రాంతం ఐర్లండ్‌లో కనిపించదు. డబ్లిన్ క్రోక్ పార్క్‌లో 80 వేల మంది ముందు ఫైనల్ ఆడే కుర్రాడు కూడా జీతం తీసుకోడు. ఆట అయ్యాక మళ్లీ బడిలో పాఠాలు చెప్పుకోవడమో, ఆవుల్ని చూసుకోవడమో. ఇంత పెద్ద ఆటని ఇంత శుభ్రంగా నిలబెట్టుకున్న జనం మీద నాకు ఎంతో గౌరవం.

ఓ శనివారం ఆయనే నన్ను థర్లెస్ దాటాక ఉన్న ఒక పల్లెలోని పబ్బుకి తీసుకెళ్లాడు. ఊళ్లో ఒకప్పుడున్న మిగతా పబ్బులన్నీ మూతపడి ఇదొక్కటే మిగిలింది. గుమ్మం మీద యజమాని ఇంటిపేరు, కిటికీలో టిప్పరరీ రంగులు, నీలం, బంగారు పసుపు. కొడుకు బీరు పోస్తున్నాడు. ఎనభై ఏళ్లకి దగ్గరపడ్డ తండ్రి కౌంటరు చివర ఎత్తు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లని పలకరిస్తున్నాడు. నేను భారతీయుణ్నని తెలియగానే, "మీరు క్రికెట్ మనుషులు కదా! మా తాతల కాలంలో ఈ టిప్పరరీ పల్లెల్లో కూడా క్రికెట్ బాగా ఆడేవాళ్లు" అన్నాడు. నాకది కొత్త సంగతి, కాని నిజమే.

కౌంటరు వెనక నుంచి ఒక హర్లీ తీసి నా చేతిలో పెట్టాడు. హర్లింగ్ ఆడే ఆష్ చెట్టు కర్ర. చెట్టు మొదలు దగ్గర, వేరు వంపు తిరిగే చోట కోస్తారు. కర్రలోని నార కూడా ఆ వంపుతోనే తిరుగుతుంది కాబట్టి దెబ్బకి అంత తేలిగ్గా విరగదు. వెడల్పాటి కొస చుట్టూ బండి చక్రానికి కట్టు వేసినట్టు సన్నటి లోహపు పట్టీ. పిడికి చుట్టిన టేపు చెమటకి నల్లబడి, బొటనవేలు ఆనే చోట అరిగి గుంటపడింది. దీంతో తోలు బంతిని గాల్లో ఉండగానే కొడతారు. ఎన్నో ఏళ్లు తలకి హెల్మెట్ కూడా లేకుండానే ఆడారు.

తర్వాత గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. 1970లో స్థానిక ఫైనల్ ఆడిన ఊరి జట్టు ఫొటో. ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి చెప్పుకొచ్చాడు: ఇతను అమెరికా వెళ్లాడు, ఇతను ట్రాక్టర్ తిరగబడి పోయాడు, ఇతని మనవడు ఇప్పుడు కౌంటీ జట్టులో ఉన్నాడు. "ఒక్క పాయింటుతో పోయిందండీ కప్పు. మా అందరిలోకీ మంచి ఆటగాడు ఆ రోజు ఆడలేదు. ఆడుంటే మాదే" అన్నాడు. ఆ బాధ ఇంకా పచ్చిగానే ఉంది.

ఆ పక్కనే ఫ్రేము కట్టిన టికెట్. క్రోక్ పార్క్, 2007 ఫిబ్రవరి 24, ఐర్లండ్ ఇంగ్లండ్ రగ్బీ మ్యాచ్. దాని విలువ తెలియాలంటే 1920 తెలియాలి. ఆ ఏడాది నవంబరు 21న క్రోక్ పార్క్‌లో టిప్పరరీ, డబ్లిన్ జట్లు గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతుండగా బ్రిటిష్ పాలకుల బలగాలు లోపలికి వచ్చి కాల్పులు జరిపాయి. చనిపోయిన 14 మందిలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. అలాంటి నేల మీద ఇంగ్లండ్ జాతీయగీతం వినిపించాలా అని దేశమంతా వాదించుకుంది. రగ్బీ ఆడే లాన్స్‌డౌన్ రోడ్ స్టేడియం పడగొట్టి కడుతున్నందువల్ల, తన మైదానాల్లో అలాంటి ఆటల్ని ఆడనివ్వని నియమాన్ని సడలించి జీఏఏ రగ్బీకి చోటిచ్చింది. ఆ రోజు ఆ గీతాన్ని ఒక్కరు కూడా గోల చెయ్యకుండా విన్నారు. ఆట మొదలయ్యాక ఐర్లండ్ 43-13తో గెలిచింది.

"నా జన్మలో రగ్బీ మ్యాచ్‌కి వెళ్లినవాణ్ని కాదు. రగ్బీ మా గడప తొక్కాకే నేను రగ్బీ చూశాను. నిలబడి ఏడ్చేశానండీ" అన్నాడు పెద్దాయన. చెబుతుంటే ఇప్పుడూ కళ్లు తడిశాయి. నా కళ్లూ చెమ్మగిల్లాయి.

మిత్రుడు ఎవరితోనో మాటల్లో పడితే నేను వెనక పెరట్లోకి వెళ్లాను. 2004 నుంచి పబ్బుల లోపల సిగరెట్ నిషేధం. కాల్చేవాళ్లకి బయట చిన్న రేకుల పంచ ఉంది. ఇంతసేపూ లోపల ఒక మూల ఒంటరిగా కూర్చున్న బక్కపలచని ముసలాయన అక్కడ సిగరెట్ వెలిగించుకుంటున్నాడు.

"ఫొటో చూపించాడా?" అని అడిగాడు.

"చూపించారు. మంచి ఆటగాడొకడు ఆడక కప్పు పోయిందట."

"అది నేనే."

అప్పుడాయనకి ఇరవై రెండేళ్లు. లిమరిక్‌లో పంది మాంసం ఫ్యాక్టరీలో పని. రగ్బీ డబ్లిన్‌లో పెద్ద బళ్లలో చదివినవాళ్ల ఆట అయితే, లిమరిక్‌లో రేవు కూలీలూ ఫ్యాక్టరీ పనివాళ్లూ ప్రాణం పెట్టే ఆట. తోటివాళ్లు పిలిస్తే ఒక ఆదివారం థోమండ్ పార్క్‌కి వెళ్లి క్లబ్బు మ్యాచ్ చూశాడు. వారం తిరగకుండా సస్పెన్షన్ ఉత్తరం వచ్చింది.

జీఏఏ 27వ నియమం అది. సభ్యుడన్నవాడు రగ్బీ, సాకర్, హాకీ, క్రికెట్ ఆడకూడదు, చూడనూ కూడదు. సంఘం పెట్టిన క్యూసాక్ స్వయంగా రగ్బీ, క్రికెట్ ఆడినవాడే. 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ హోదా రీత్యా ఒక సాకర్ మ్యాచ్‌కి హాజరైతే ఆయన్నీ సంఘం పోషకుల జాబితాలోంచి తీసేశారు. పరాయి పాలనలో నలిగిన జాతి తన ఆటని కాపాడుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. కాని పొరుగువాడి ఆట చూసినందుకు సొంత పిల్లాడి చేతిలోంచి కర్ర లాక్కోవడాన్ని నేను క్షమించలేను.

"ఫైనల్ రోజు గోల్‌పోస్టుల వెనక నిలబడి చూశాను" అన్నాడు ముసలాయన. "మరుసటి ఏడాది, 1971లో, బెల్‌ఫాస్ట్ మహాసభలో ఆ నిషేధమే ఎత్తేశారు. అప్పటికి నేను లండన్‌లో ఇటుకలు మోస్తున్నాను. మళ్లీ హర్లీ పట్టలేదు."

"మీరు అక్కడున్నట్టు ఎవరు చెప్పారు?"

"నిఘా కమిటీ ఉండేది. దాని మనుషులు రగ్బీ మ్యాచ్‌లకి వెళ్లి మనవాళ్లెవరొచ్చారో రాసుకునేవాళ్లు. వాళ్లకి నిషేధం లేదు, డ్యూటీ కదా. ఆ రోజు నాకు రెండు వరసల వెనక మా ఊరివాడే కూర్చున్నాడు. పాయింట్లు పడ్డప్పుడల్లా లేచి చప్పట్లు కొట్టాడు. వెనక్కి తిరిగి చూసి, నాకొక తోడు దొరికాడని సంతోషించాను. చెయ్యి కూడా ఊపాను."

"ఆయన ఇప్పుడు ఉన్నారా?"

"ఇందాక మీకు టికెట్ చూపించాడుగా."