చెమట పట్టని కుండ

నన్ను కొన్నది 2015 మే మొదటి వారంలో. విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో రోడ్డు వారన గడ్డి పరిచి మమ్మల్ని బోర్లించి అమ్ముతున్నారు. మామ్మ వంగి ఒక్కొక్కరినీ వేలి కణుపుతో కొట్టి చూసింది. నా దగ్గర ఖంగుమంది. "ఇదివ్వు నాయనా" అంది. అన్నాక మళ్ళీ పది రూపాయలకు బేరమాడింది, అది వేరే సంగతి.

అంతకుముందు నా కథంతా చెరువు మట్టి, సారె, ఆవం. కుండలన్నిటిదీ అదే జాతకం. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మట్టిలో కుమ్మరి కాస్త ఇసుక కలిపాడు. దాంతో నా ఒళ్ళంతా కంటికి ఆనని రంధ్రాలు. చదువూ అదే, ఉద్యోగమూ అదే.

ఆ ఏడు ఎండలు గుర్తున్నాయా? రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయిన వేసవి. మామ్మ నన్ను గేటు బయట వేపచెట్టు కింద తడి ఇసుకలో కూర్చోబెట్టి, ఎర్రగుడ్డ తడిపి చుట్టి, పైన ఒక స్టీలు గ్లాసు బోర్లించింది. అదే మా చలివేంద్రం. బోర్డు లేదు, ప్రారంభోత్సవం లేదు, ఫొటో లేదు. రిక్షా అతను వచ్చి మొదటి గ్లాసు గటగటా తాగేవాడు, రెండోది నెమ్మదిగా తాగేవాడు, మూడోది నెత్తిన పోసుకునేవాడు. ఆ మూడో గ్లాసుకి అతను కళ్ళు మూసుకుని నిలబడటం చూశాక, దేవుడి అభిషేకానికి వెళ్ళిన కలశాల మీద నాకు అసూయ పోయింది.

ఇందులో నా గొప్ప కొంతే. మిగతాది నీళ్ళది. నీటి అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉంటాయి. హైడ్రోజన్ బంధం అంటారు. ఆ పట్టు విడిపించుకుని ఒక్క గ్రాము నీరు ఆవిరై పోవాలంటే దాదాపు 580 క్యాలరీల వేడి కావాలి. ఆ వేడిలో ఎక్కువ భాగం నా కడుపులోని నీళ్ళ నుంచే లాక్కుపోతుంది. కాగితం మీద లెక్క వేస్తే, పది లీటర్లు పది డిగ్రీలు చల్లబడటానికి నాకు చెమట రూపంలో పోవలసింది 170 గ్రాములు. ఒక గ్లాసుడు కూడా కాదు! బయటి సెగ కూడా లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే పోతుందనుకోండి. కరెంటు బిల్లు మాత్రం సున్నా.

తరువాత ఏడు ఫ్రిజ్ వచ్చింది. దాన్ని తిట్టబోను. మామ్మ ఇన్సులిన్ అందులోనే ఉండేది, పాలు విరగడం మానేశాయి. కానీ దాని డాబు చూడాలి! ముందు తలుపు తీస్తే చలి, వెనక చెయ్యి పెడితే సెగ. లోపలి వేడిని తెచ్చి వంటింట్లో పోసి, చల్లబరిచానంటుంది. ఒకసారి మామ్మ మనవడు గాజు సీసా నిండా నీళ్ళు నింపి, మూత బిగించి, పైనున్న ఫ్రీజర్ అరలో పెట్టాడు. తెల్లారేసరికి సీసా నిలువునా పగిలి ఉంది. నాలుగు డిగ్రీల దాకా దగ్గరికి ముడుచుకునే నీరు, అక్కడి నుంచి ఒళ్ళు విరుచుకోవడం మొదలెడుతుంది, గడ్డ కట్టేసరికి తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది. నీళ్ళ స్వభావం కుండకు తెలిసినట్టు సీసాకు ఎలా తెలుస్తుంది?

అసలు తమాషా ఏమిటంటే, ఆ ఫ్రిజ్ తాగే కరెంటు కూడా కుండలోనే పుట్టింది. కాకపోతే చాలా పెద్ద కుండ. 1979 నుంచి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో జరిగేదేమిటి? బొగ్గు మంట పెట్టి నీళ్ళు కాచి, ఆవిరితో చక్రం తిప్పి, ఆ ఆవిరిని కృష్ణ నీళ్ళతో మళ్ళీ చల్లార్చడం. ఆ బొగ్గు పొగ గాలిని వేడెక్కిస్తుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దానిలో దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పడుతుంది. కోస్తాలో సముద్రం పక్కనే ఉంది, తేమకి కరువా? అలా నా ఉద్యోగం రెండుసార్లు పోయింది. మొదట వంటింట్లో, తరువాత గాల్లో.

గాల్లో ఎలాగంటారా? తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత చూపిస్తే, నేను అంతకంటే కిందికి దిగలేను. 42 డిగ్రీల పొడి ఎండలో, తేమ 30 శాతం ఉంటే, నా నీళ్ళు 27 దాకా దిగవచ్చు. అదే 35 డిగ్రీల రోజు బందరు వైపు గాలి వీచి తేమ 75 శాతమైతే, 31 దగ్గర ఆగిపోతాను. ఎండ తక్కువ, ఉక్క ఎక్కువ, నీళ్ళు వెచ్చన. అలాంటి సాయంత్రాలు మామ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని చెమటలు కక్కేవాళ్ళం. ఆమె చెమటా ఆరేది కాదు, నాదీ ఆరేది కాదు. ఇద్దరిదీ ఒకే యంత్రం మరి.

ఇక అసలు బాధ. ఉప్పు పేరుకుని నా రంధ్రాలు పూడుతున్నాయని మామ్మ పీచుతో తోమేది, సబ్బు తగలనిచ్చేది కాదు. ఆమెకు మోకాళ్ళు పట్టేశాక తోమేవాళ్ళు లేరు. ఒక సెలవుల్లో మనవడు వీడియో చూసి నాకు ఎనామిల్ పెయింటు వేశాడు. నీలం రంగు, మీద తెల్ల చుక్కలు. అందంగా ఉన్నానని ఫొటోలు తీశారు. ఒంటి మీద ఒక్క రంధ్రం మిగల్లేదు, ఊపిరాడలేదు. అది చాలదన్నట్టు డ్రిల్లింగ్ మిషనుతో అడుగున చిల్లు పెట్టి, మట్టి నింపి, మనీప్లాంటు నాటి డాబా మీద పిట్టగోడ పక్కన పెట్టారు. తొమ్మిదేళ్ళ సర్వీసుకి అదీ రిటైర్మెంటు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్ళు మా పేట మీదికి వచ్చాయి. మర్నాటికి కృష్ణ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కింద ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోందట. కరెంటు లేదు. అందరూ డాబా ఎక్కారు. మామ్మను కుర్చీతో సహా మోసుకొచ్చారు. కోడలి చేతిలో రెండు ఇన్సులిన్ సీసాలు.

"ఫ్రిజ్ లేకపోతే ఇవి పాడైపోతాయేమో అత్తయ్యా."

"కవర్లో చుట్టి నీళ్ళకుండలో పెట్టవే. మా పెద్దన్నయ్యకి అలాగే పెట్టేవాళ్ళం."

ఫ్రిజ్ లేని చోట్ల ఇప్పటికీ అలాగే పెట్టుకుంటారు. ఫ్రిజ్ అంత చల్లదనం నా వల్ల కాదు గానీ, సెగ తగలకుండా కాచుకోగలను. కోడలు మొక్క పెరికి పక్కన పెట్టింది. మట్టి దులిపి, టార్పాలిన్‌లో పట్టిన వాననీళ్ళు పోసింది. పోసినవి పోసినట్టే కాళ్ళ మీదుగా పారాయి. గుడ్డ కుక్కింది. గుడ్డ తడిసింది, కారడం ఆగలేదు.

"దీనికి చిల్లెవరు పెట్టారే?" అంది మామ్మ.

ఎవరూ మాట్లాడలేదు. మనవడు ఆకాశంలో డ్రోను ఎటు పోతోందో చూస్తున్నాడు. చివరికి సీసాల్ని స్టీలు డబ్బాలో పెట్టి తడి తువ్వాలు చుట్టారు. నా పని తువ్వాలు చేసింది.

వరద తీశాక వీధి పొడవునా ఫ్రిజ్‌లు తలుపులు తెరుచుకుని బురద కారుతూ నిలబడ్డాయి. మాది బాగుపడలేదు, కొత్తది వచ్చింది. నాలో మళ్ళీ మట్టి, మళ్ళీ మనీప్లాంటు. అయితే ఆ గందరగోళంలో ఎవరి కాలో తగిలి ఒక పక్క పెయింటు అరచేతంత మేర పెచ్చూడింది. లోపలి మట్టి తడిగా ఉన్నప్పుడు ఆ అరచేతి మేర నాకు చెమట పడుతుంది. మే నెల మధ్యాహ్నాల్లో పక్కింటి పిల్లి గోడ దిగి వచ్చి, సరిగ్గా అక్కడే వీపు ఆనించి పడుకుంటుంది.