ధూళి మీమాంస

వర్క్‌షాపులకూ కారు షెడ్లకూ పనికివచ్చే వాక్యూమ్ క్లీనరును, అనగా తడినీ పొడినీ ఒకే డబ్బాలోకి లాగుకొనే 'వెట్ అండ్ డ్రై' యంత్రాన్ని, కొనదలచినవాడు హైదరాబాదులో ఆబిడ్స్ సర్కిల్ నుండి నాంపల్లి స్టేషన్ దాకా ఎన్ని దుకాణాల మెట్లెక్కినా అతనికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని వాట్లది చూపించమంటారు సార్?" ఎత్తవలసినది రంపపు పొట్టా, ఇనుప రజనా, వాననీరా అని అడిగే నాథుడు కనబడడు. పది రోజులుగా ఇదే ప్రశ్న వింటున్న మనిషి పదకొండో రోజున, చీపురుకు ఎన్ని వాట్లుంటాయని ఎదురు అడగాలనుకోవడం సహజమే.

వాటు అనేది విద్యుత్తు ఖర్చయ్యే వేగానికి కొలత. మోటారు ఎంత తింటుందో అది చెబుతుంది గాని, డబ్బా ఎంత పీలుస్తుందో చెప్పదు. ఎక్కువ భోంచేసేవాడే ఎక్కువ బరువు మోస్తాడనుకొని పెళ్లిపందిరికి కూలీని కుదుర్చుకోవడం ఎటువంటిదో, వాట్లు చూసి వాక్యూమ్ కొనడమూ అటువంటిదే. ఇళ్లలో వాడే వాక్యూమ్‌ల మోటార్లు 1600 వాట్లు దాటరాదని ఐరోపా సమాఖ్య 2014లోనూ, 900 దాటరాదని 2017లోనూ నియమం పెట్టింది. అక్కడి తివాచీలు దానివల్ల మాసిపోయిన దాఖలా లేదు. మన దుకాణాల్లో మాత్రం అంకె పెరిగేకొద్దీ అమ్మేవాని గొంతు కూడా పెరుగుతుంది. ఇంట్లో మామూలు సాకెట్టు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగినది 1380 వాట్లు. దానికంటే పెద్ద యంత్రానికి పవర్ సాకెట్టు కావాలని, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు రంపాన్నీ వాక్యూమ్‌నూ కలిపి తగిలించరాదని చెప్పేది అమ్మేవాడు కాదు, కాలిపోయిన ప్లగ్గు.

వాట్ల మాట పక్కన పెట్టి లాగే బలం ఎంతని గట్టిగా అడిగితే, పెట్టెను తిప్పి కిలోపాస్కళ్ల అంకె చూపిస్తారు. పాస్కల్ అనేది ఒత్తిడికి కొలత. 20 కిలోపాస్కళ్లంటే ఆ యంత్రం గొట్టంలో నీటిని సుమారు 2 మీటర్ల ఎత్తుకు లాగగలదని అర్థం. అయితే ఆ బలం పైపు మూతిని అరచేతితో పూర్తిగా మూసినప్పటిది. సెకనుకు ఇన్ని లీటర్ల గాలి అని దాని పక్కనే ముద్రించే రెండో అంకె, మూతి బార్లా తెరిచి ఉన్నప్పటిది. మొదటి స్థితిలో గాలి కదలదు, రెండో స్థితిలో లాగుడు ఉండదు, దుమ్ము లేచేది ఈ రెండింటికీ నడుమ ఎక్కడో. అందువల్ల పెట్టె మీది రెండు అంకెలూ ఒకేసారి నిజమయ్యే క్షణం ఆ యంత్రం ఆయుష్షులో ఒక్కటీ రాదు. సంబంధం కుదిర్చే పేరయ్య, పెళ్లికొడుకు సెలవునాటి ఓపికనూ పనిరోజు సంపాదననూ కలిపి చెప్పడం ఈ పద్ధతికి పూర్వరూపం కావచ్చు.

అసలు చిక్కు భాషలో ఉంది. ఇంగ్లీషు పెట్టె మీద 'డస్ట్' అని ఒక్క మాట వేసి చేతులు దులుపుకొంటారు గాని, తెలుగువాడు ఇన్ని శతాబ్దాలుగా ఊడ్చి ఊడ్చి ఆ ఒక్కదానికి ఒక పరివారాన్నే ఏర్పరచాడు. దుమ్ము అనేది లేచేది, రేగేది, అవసరమైతే ఎదుటివాని మీద ఎత్తిపోసేది. ధూళి సంస్కృతం చదువుకున్న దుమ్ము; గోవుల కాళ్ల కింద లేస్తే సాయంకాలమవుతుంది, పెద్దల పాదాల కింద ఉంటే నెత్తిన చల్లుకోవలసి వస్తుంది; కాబట్టి ధూళిని పైపు పెట్టి పీల్చడం సంప్రదాయ విరుద్ధమని వాదించేవాడు బయలుదేరినా ఆశ్చర్యం లేదు. బూజు పైనుండి వేలాడుతుంది, పండగ దాకా దానిని ఎవరూ ముట్టుకోరు. మసి అంటుకుంటుంది, జిడ్డు వదలదు, మడ్డి అడుగున కూర్చుంటుంది. ఇక పనిచోట పుట్టేవి వేరు: రంపం కింద రాలేది పొట్టు, చిత్రిక కింద చుట్టలు చుట్టుకొని లేచేవి పేళ్లు, ఆకురాయి కింద రాలేది రజను, ఇసుక కాగితంతో రుద్దినప్పుడు ఎండలో తేలుతూ కనిపించేది నుసి. ఈ వర్గీకరణ నిఘంటుకారుల ముచ్చట కోసం పుట్టినది కాదు. పేళ్లు సన్నని పైపు వంపులో ఇరుక్కొని దారి మూస్తాయి. పొట్టు ఫిల్టరు చుట్టూ కంబళి కప్పినట్టు పేరుకొని లాగుడును చంపుతుంది. గ్రైండరు నుండి నిప్పురవ్వలతో వచ్చే రజను, డబ్బాలో అప్పటికే ఉన్న పొట్టుతో కలిస్తే మంట పుట్టవచ్చు. నుసి మామూలు గుడ్డసంచిలోంచి దూరి యంత్రం వెనుకవైపు నుండి గదిలోకే తిరిగివస్తుంది. ముందు పీల్చి వెనుక ఊదే యంత్రాన్ని శుభ్రపరిచే సాధనమనాలా, దుమ్మును ఊరేగించే పల్లకీ అనాలా అన్నది ఆలోచించదగినది. ఈ భేదాలన్నీ విప్పి చెప్పి, వీటిలో ఏది లాగుతుందని అడిగినవానికి లభించే సమాధానం: "అన్నీ లాగేస్తది సార్."

శుభ్రత విషయంలో ప్రపంచంలో ఉన్నవి మూడు సంప్రదాయాలు: దులపడం, ఊదడం, పీల్చడం. మొదటిదానికి ఆబిడ్స్ పేరే సాక్ష్యం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ప్రభువు దుస్తులు కనిపెట్టుకొని ఉండే ఆల్బర్ట్ ఆబిడ్ తెరిచిన దుకాణం వల్లనే ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది, అంటే నగరంలోని ఇంత పెద్ద వ్యాపారకేంద్రం కోటు దులిపిన చేతి మీద నిలిచి ఉన్నదన్నమాట. రెండోది మెకానిక్ షెడ్ల సంప్రదాయం. కంప్రెసరు పైపుతో గాలి కొడితే షెడ్డు క్షణంలో అద్దంలా అవుతుంది, దుమ్ము పక్క షెడ్డుకు చేరుతుంది. మధ్యాహ్నం పక్కవాడు గాలి కొట్టినప్పుడు తిరిగివస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోళ్లలో ఏ ఒక్క రేణువూ వీధి దాటదు. 1901లో లండన్‌లో ఇటువంటి ఊదే యంత్రాన్నే చూసిన హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, ఊదే బదులు పీల్చరాదా అని ఆలోచించి, కుర్చీ మెత్తకు జేబురుమాలు అడ్డుపెట్టి నోటితో పీల్చి చూశాడని ప్రసిద్ధి. ఆయన తయారుచేసినది గుర్రపుబండి మీద వచ్చి వీధిలో నిలబడి, కిటికీల గుండా ఇంట్లోకి పైపులు చాచేది. నూట ఇరవై ఏళ్లు దాటిన తరువాత, వాక్యూమ్ అమ్మే దుకాణదారుడే అటక మీది పెట్టెను దించి, దాని మీద పేరుకొన్న దుమ్మును ఉఫ్ మని కొనేవాని చొక్కా మీదికి ఊది, అప్పుడు ధర చెబుతాడు.

యంత్రాన్ని పరీక్షించి చూపమంటే జనవరిలో రమ్మని సలహా ఇచ్చేవారున్నారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ అనే ఎగ్జిబిషన్ సాధారణంగా ఏటా జనవరి 1న తెరుచుకుంటుంది. ఇసుక వేస్తే రాలనంత జనం రేపే దుమ్ములో నిలబడి, ఒక చిన్న తివాచీ ముక్క మీద చెంచాడు పొడి చల్లి దానిని లాగి చూపించే ప్రదర్శన ఎంత ధైర్యంతో కూడినదో చూసినవారికి తెలుస్తుంది. మైదానం వంక పైపు తిప్పమని ఇంతవరకు ఎవరూ అడగకపోవడం హైదరాబాదు మర్యాద.

కొన్న తరువాతి కష్టాలు వేరు. నీరు లాగేముందు కాగితపు సంచి తీసి స్పాంజి ఫిల్టరు తొడగాలి, పొడి లాగేముందు దానిని ఆరబెట్టి మళ్లీ మార్చాలి. మరచినవాని డబ్బాలో దుమ్ము రోటిపచ్చడిలా తయారవుతుంది. 20 లీటర్ల డబ్బాలో 20 లీటర్ల నీరు పట్టదు, లోపలి తేలుడు బంతి అంతకుముందే పైకి లేచి దారి మూసేస్తుంది. వీటన్నిటినీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది సంచి సంగతి. యంత్రం అమ్మిన చోట సంచులుండవు, సంచులుండవలసిన చోట "స్టాక్ లేదు, వచ్చే వారం" అంటారు, ఆ వారం ఏ పంచాంగంలోనూ దొరకదు. సంచి లేని వాక్యూమ్ మూలన చేరి, చివరికి దాని మీది దుమ్మును చీపురుతో దులపవలసి వస్తుంది.

ఫిల్టర్లలో మేలైనదానిని హెపా అంటారు, 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని అది ఆపుతుంది, మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ ఫిల్టరు ఖరీదు వినగానే కొనేవాడు మామూలుదే చాలంటాడు. నేటి ఇంటి వాక్యూమ్‌కు మూలపురుషుడైన జేమ్స్ స్పాంగ్లర్ అమెరికాలో ఒక దుకాణాన్ని ఊడ్చే ఉద్యోగి. ఊడ్పు దుమ్ముతో ఉబ్బసం ముదిరి, దిండుగలీబును సంచిగా కట్టి తన యంత్రాన్ని తయారుచేసుకున్నాడు, 1908లో పేటెంటు పొందాడు. కొయ్యపొడి మనుషుల్లో క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. సాయంత్రం షట్టరు సగం దించాక, కొయ్యపని జరిగే షాపుల్లో ఊడ్చే పని అందరికంటే ఆఖరున చేరిన హెల్పరుది. అతడు కాసిని నీళ్లు చిలకరించి, ముక్కుకు అడ్డంగా తువ్వాలు చుట్టుకొని, పొట్టును ఒక మూలకు ఊడుస్తాడు. ఆ తువ్వాలు కూడా అతడు ఇంటి నుండి తెచ్చుకున్నదే.