నాలుక కింద స్విట్జర్లాండ్

నెల్లూరు జిల్లాలో ఇక జబ్బులుండవు. ఆపిల్ మూలకణాలు వచ్చేశాయి. మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా ఏ ఊళ్లో చూసినా, నిన్నటిదాకా మేత బస్తాలు అమ్మిన బావమరిది ఇవాళ టై కట్టుకుని "స్టెమ్ సెల్ మామా!" అంటున్నాడు. పరగడుపున పొట్లం చించి నాలుక కింద పోసుకుంటే చాలట. షుగరు, మోకాళ్లు, కిడ్నీ, పక్షవాతం, క్యాన్సర్... జాబితా చదివేలోపు పొడి కరిగిపోతుంది. ఇంకో ముగ్గుర్ని చేర్పిస్తే కమీషన్ కూడానట. మూలకణం విభజన చెందకపోయినా గొలుసు మాత్రం బాగానే విభజన చెందుతోంది.

ఆ ఆపిల్ ఉన్న మాట నిజమే. ఉట్విలర్ స్పాట్‌లౌబర్ అనే అరుదైన స్విస్ రకం. కోసి పెట్టినా నెలల తరబడి వాడదు. 2008లో అక్కడి సంస్థ ఒకటి దాని కణాలను ప్రయోగశాలలో పెంచి, సారం తీసి, క్రీముల్లో కలుపుకోమని అమ్మకానికి పెట్టింది. ముఖానికి పూసుకునే క్రీములు. సముద్రం దాటేసరికి ఆ పూత కాస్తా క్యాన్సర్ మందైంది. ఆపిల్ ముడతలు పడదు గనక తిన్నవాడి కాలేయమూ ముడతలు పడదని వీళ్ల తర్కం. ఆ లెక్కన ఎండుచేపలు తినే మన తీరంలో ఎవరికీ ముసలితనం రాకూడదు.

అసలు మొక్కకు మూలకణాలు ఎక్కడుంటాయి? కొమ్మ కొసన, వేరు కొసన, లేత మొలకలో. అంటే చింతచిగురు దూసి రొయ్యల్లో వేసి వండిన ప్రతి ఇల్లాలూ స్టెమ్ సెల్ నిపుణురాలే. సంక్రాంతికి తేగలు కాల్చుకు తిన్న ప్రతివాడూ చికిత్స పొందినవాడే. మునగచిగురు, పెసర మొలకలు, కొబ్బరిపువ్వు... తరతరాలుగా మనం మింగిన మూలకణాలకు లెక్కుందా? ఒక్కరికైనా పాడైన కిడ్నీ మళ్లీ చిగురించిందా?

చిగురించకపోవడమే మన అదృష్టం. ఆపిల్ కణానికి తెలిసిన విద్య ఒక్కటే, ఆపిల్ చెట్టు కావడం. అది నిజంగా మన ఒంట్లో పని మొదలుపెడితే ముందు చెవుల్లోంచి ఆకులు రావాలి. నాలుక కింద పెట్టుకునే మందులు లేవా అంటారు. ఉన్నాయి. గుండెనొప్పికి పెట్టుకునే సార్బిట్రేట్ అలాంటిదే. అందులోది చిన్న అణువు, పలచటి పొరలోంచి నెత్తురులోకి దిగుతుంది. చుట్టూ గోడ కట్టుకున్న మొక్క కణం దిగదు. పైగా ఎండబెట్టి పొడి కొట్టాక అది కణం కాదు, కణం శవం.

మూలకణాలకు నోబెల్ వచ్చిందంటారు. 2012లో వచ్చిన మాట నిజమే. యమనక ఎలుక కణాలతో, గర్డన్ కప్ప కణాలతో చేసిన పనికి వచ్చింది, ఆపిల్‌కు కాదు. ప్రభుత్వ అనుమతి ఉందంటూ పొట్లం మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు చూపిస్తారు. ఆ అంకెలు కారప్పూస ప్యాకెట్ మీదా ఉంటాయి. 2021 మే నెలలో కృష్ణపట్నంలో కరోనాకు కంటిచుక్కల కోసం జనం బారులు తీరినప్పుడే మనకు బుద్ధి రావాల్సింది. అక్కడ కనీసం ఊరికే పంచారు.

జాబితాలో క్యాన్సర్ లేకపోతే నేనింతటితో ఊరుకునేవాణ్ణి. కానీ వీళ్లు రోగికి చెప్పే మొదటి మాట ఏమిటో తెలుసా? "ముక్క తీయించొద్దు, కత్తి తగిలితే పాకుతుంది." ముక్క తీసి, మైనంలో బిగించి, పలచగా కోసి, రంగులద్ది పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూస్తేనే గదా అది క్యాన్సరో కాదో, ఏ రకమో తేలేది! రొమ్ములో గడ్డయితే హార్మోన్ రిసెప్టర్లు, హెర్2 చూడందే ఏ మందివ్వాలో డాక్టరుకైనా తెలియదు. ఆ పరీక్ష ఆపించి, పొట్లాలతో నెలలు గడిపించి, నయమయ్యే దశను చేతులారా దాటించడం వ్యాపారం కాదు, ప్రాణం తీయడం. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడమే నేరమని 1954 నుంచీ చట్టముంది. నెత్తురు జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా ఇంకా పరిశోధనేనని ఐసీఎంఆర్ 2017లోనే రాసిపెట్టింది. అదీ మనిషి మూలకణాల సంగతి. ఆపిల్‌ను ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా (నెత్తురు క్యాన్సర్) పిల్లలకిచ్చాడు. కొందరు తేరుకున్నారు. 1948లో ఆ సంగతి అచ్చువేసినప్పుడు శీర్షికలోనే 'తాత్కాలిక' ఉపశమనం అని రాసుకున్నాడు. క్యాన్సర్ వైద్యాన్ని మలుపు తిప్పినవాళ్లకే అంత జంకుంటే, టై కట్టుకున్న బావమరిదికి ఇంత ధైర్యమెక్కడిది?

ఎక్కువ కోపం మాత్రం మన మీదే. 1990లలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్యల గుంటలు రోజుల్లో ఖాళీ అయ్యాయి. దానికి మందు లేదని, వైరస్ లేని పిల్ల తెచ్చుకోవడమే దారని ఈ తీరం అప్పులపాలై నేర్చుకుంది. ఇప్పుడు వెనామి రొయ్య సీడు కొనేటప్పుడు పీసీఆర్ రిపోర్టు ఏదని హేచరీవాణ్ణి నిలదీస్తాం. గోరంత రొయ్యపిల్లకు రిపోర్టు అడిగే రైతు, కన్నతల్లి నాలుక కింద పోసే పొడికి కాగితం ముక్కయినా అడగడా? అల్లుడు తెచ్చాడనా? ఫోన్లో వీడియో చూపించాడనా?

ఈసారి అడగండి. ఎంతమంది రోగులకిచ్చారు? ఇవ్వనివాళ్లతో పోల్చి చూశారా? ఫలితం తేల్చింది డాక్టరా, అమ్మినవాడా? ఏ వైద్య పత్రికలో వచ్చింది? జవాబు లేకపోతే ఎంత దగ్గరి చుట్టమైనా కాఫీ ఇచ్చి, పొట్లాలు ఆయన సంచిలోనే పెట్టి పంపించండి. క్యాన్సర్ రోగి ఉన్న ఇంటికి వస్తే కాఫీ కూడా వద్దు.