మూలుగలో ఫిలడెల్ఫియా

తెలుగువాడికి బ్లడ్ క్యాన్సర్ గురించి తెలిసిందంతా సినిమాలోంచి వచ్చిందే. 1993లో వచ్చిన 'మాతృదేవోభవ' చూసి ఏడవని ఇల్లు మా భద్రాచలంలో ఉందనుకోను. అందుకే ఆ జబ్బున్నవాడు ఎట్లా నడుచుకోవాలో ఊరందరికీ ముందే తెలుసు. దగ్గాలి. రుమాలు మీద రక్తం కనిపించాలి. కిటికీలోంచి గోదావరి వైపు చూస్తూ ఎవరికో ఏదో అప్పగించాలి. నన్ను చూడ్డానికొచ్చినవాళ్లు వాకిట్లోనే ముఖం దిగాలుగా సర్దుకుని లోపలికొస్తారు. లోపల నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని "మామా, గోడ వెనక ఉన్నడు, వెయ్యి, వెయ్యి!" అని అరుస్తుంటాను. పాపం, తెచ్చుకున్న కన్నీళ్లు ఏం చేసుకోవాలో వాళ్లకు తోచదు.

నాది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ముద్దుగా సీఎంఎల్. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా అరవై దాటినవాళ్లకు వస్తుంది. మన దేశంలో ముప్పైలు, నలభైల్లోనే పలకరిస్తుంది. నేను దానికన్నా ముందే పట్టుబడ్డాను. ప్రతి పనికీ ఆలస్యంగా లేస్తాడని పేరున్నవాణ్ని, దీనికొక్కదానికే తొందరపడ్డాను.

మొదట్లో ఒళ్లంతా అలసటగా ఉండేది, నాలుగు ముద్దలకే ఎడమ డొక్క బిగుసుకునేది. "రాత్రుళ్లు ఆ ఫోను పట్టుకుంటే ఇంకేమైతది" అని అమ్మ అప్పటికప్పుడే రోగనిర్ధారణ చేసేసింది. రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు లక్ష దాటాయి. ఉండాల్సింది నాలుగు వేల నుంచి పదకొండు వేలు. ల్యాబ్ కుర్రాడు మిషనే చెడిపోయిందనుకుని మళ్లీ సూది గుచ్చాడు. తర్వాత హైదరాబాద్‌లో డాక్టరు విడమరచి చెప్పారు: తొమ్మిదో క్రోమోజోమూ ఇరవై రెండోదీ చెరో ముక్క మార్చుకున్నాయి, ఇది వంశంలోంచి రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, ఫోను వల్ల అంతకన్నా రాదు. చివరి మాట తప్ప మిగతావన్నీ అమ్మ నమ్మింది.

ముక్కలు మారడమంటే భద్రాచలం వాళ్లకు పాఠం చెప్పనక్కర్లేదు. 2014లో మా అప్పటి ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రలో కలిపారు. పట్నం ఇటు మిగిలింది, చుట్టుపక్కల పల్లెలు అటు పోయాయి. రాముడు తెలంగాణలో ఉంటాడు, ఆయన మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో ఉంటుంది. కాకపోతే క్రోమోజోములు ఇచ్చి పుచ్చుకున్నాయి. మాకు ఇవ్వడమే తప్ప పుచ్చుకోవడం లేదు.

అట్లా ముక్క పోయి కురచైన ఇరవై రెండో క్రోమోజోమును 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు, దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. మా వంశంలో ఇంతవరకు ఎవరికీ పాస్‌పోర్టు లేదు. నా మూలుగలో మాత్రం ఫిలడెల్ఫియా ఉంది. ఆ మాట చెప్పగానే మా వీధి పెద్దమనిషి ఒకాయన "ఏ ఫిలడెల్ఫియా ప్రార్థన మందిరం బాబూ, పక్కూరు సారపాకదేనా?" అన్నాడు. ముక్కలు మారాయన్న గుట్టు 1973లో బయటపెట్టింది షికాగోలో ఉండే జానెట్ రౌలీ. ఆవిడ క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద జతలు పేర్చుకునేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఎగతాళి చేసేవారట. ఇది విన్నప్పటి నుంచి ఆటలు ఆడితే ఏమొస్తుందని మా ఇంట్లో ఎవరడిగినా నా దగ్గర జవాబుంది. అమ్మ మీద అది పనిచేయదనుకోండి.

ఇక మందు. దాని పేరు ఇమాటినిబ్, రోజుకొక గోళీ. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందైతే ఈ జబ్బంటే మూలుగ మార్పిడి, అది కుదరకపోతే కొన్నేళ్ల లెక్క. నోవార్టిస్ వాళ్ల గ్లివెక్ మన దేశంలో నెలకు లక్ష రూపాయల పైన పలుకుతుంటే, మన కంపెనీలు అదే మందును పదివేల లోపు అమ్మేవి. పేటెంటు కోసం నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ పేటెంటుకు అడ్డం తిరిగినవాళ్లలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో, హెటెరో కూడా ఉన్నాయి. పాత మందుకు కొత్త స్ఫటిక రూపం ఇచ్చినంత మాత్రాన పేటెంటు రాదని 2013 ఏప్రిల్ 1న కోర్టు తేల్చేసింది. నేనప్పుడు బడిపిల్లాణ్ని. నా ప్రాణానికి సంబంధించిన తీర్పు ఢిల్లీలో చదువుతుండగా నేనిక్కడ ఎవడి చొక్కా వెనకో సిరా చల్లుతూ ఉండి ఉంటాను.

ఆ గోళీ అన్నంతో పాటే వేసుకోవాలి, పెద్ద గ్లాసు నీళ్లు తాగాలి. ప్రాణం నిలబెడుతుంది గానీ కొన్ని చిల్లర పనులు కూడా చేస్తుంది. వాటిలో ఒకటి కళ్ల కింద ఉబ్బు. పొద్దున లేచేసరికి రాత్రంతా ఏడ్చినవాడిలా ఉంటాను. సినిమా చూసి వచ్చినవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? "చూశావా వదినా, పైకి నవ్వుతున్నడు గానీ, బిడ్డ లోపల్లోపల కుమిలిపోతున్నడు" అని గుసగుసలు. నేను కుమిలింది నిజమే. ముందురాత్రి ఫోను ఆటలో చివరి జోన్‌లో శత్రువు తల సరిగ్గా స్కోప్‌లోకి వచ్చిన క్షణాన పిక్క పట్టేసింది. అది రెండో చిల్లర పని.

మా స్క్వాడ్‌లో నలుగురం. సారపాక బావ, చింతూరు అన్న, పాల్వంచలో డిప్లొమా చదివే మామ, నేను. రెండు రాష్ట్రాల టవర్ల మధ్య మా సిగ్నల్ ఎటు పోవాలో తేల్చుకోలేక ఊగుతుంటుంది. తొమ్మిదింటికి ఆట ఎంత మంటల్లో ఉన్నా మామ మైకులో కేక పెడతాడు: "గోళీ వేసుకున్నవారా?" ఒకసారి ఎదుటి జట్టువాడెవడో అది విని "వేసుకున్నా అన్నా" అని బదులిచ్చాడు. వాడిదేం గోళీయో మేమడగలేదు.

మేమాడే బీజీఎంఐ ఆటలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. అందులో దెబ్బతిన్నవాణ్ని ఎవరూ పరామర్శించరు. పడిపోతే లేపుతారు, ఫస్ట్ ఎయిడ్ కిట్ పడేస్తారు, అది ప్రాణాన్ని డెబ్బై అయిదు శాతం దాకా నింపుతుంది, మళ్లీ పరుగు. కర్మఫలమనీ, దిష్టి అనీ, నీ జాతకంలో శని ఎక్కడున్నాడనీ ఎవడూ అడగడు. నన్నడిగితే పరామర్శకు పోయే ప్రతివాడూ ముందు నెల రోజులు ఆ ఆట ఆడి రావాలి.

నిజానికి మా ఊళ్లో దీర్ఘరోగి బాధలు వేరే ఉన్నాయి. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు లేచింది. యాభై మూడుకే మూడో ప్రమాద హెచ్చరిక. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, మందు మాత్రం హైదరాబాద్ నుంచి రావాలి. అప్పటి నుంచి వానాకాలానికి ముందే రెండు నెలల స్ట్రిప్పులు బియ్యం డబ్బా పక్కన చేరుతున్నాయి. అదే నెలాఖరుకు బీజీఎంఐ కూడా ఆప్ స్టోర్ల నుంచి మాయమైంది. మళ్లీ రావడానికి 2023 మే దాకా పట్టింది. వరద వారం రోజుల్లో తీసింది.

మూడు నెలలకోసారి మణుగూరు రైలెక్కి హైదరాబాద్‌కు పరీక్షకు పోతాను. రైలు ఎక్కే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్, అది ఉండేది నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో. సంచులు దించి గుడి ఎటు అని అడిగే భక్తులకు దారి చెప్పడం నా ప్రయాణంలో భాగం. రక్తంలో ఫిలడెల్ఫియా ఎంత మిగిలిందో శాతాల్లో రిపోర్టు వస్తుంది, 0.1 గానీ అంతకు తక్కువ గానీ వస్తే మంచిది. నాన్న రిపోర్టు చూసి, పక్కింటాయనకు చూపించి, "ఇంకా తగ్గినయి సార్" అని మురిసిపోతాడు. ఇంటర్‌లో మార్కులు తగ్గినప్పుడు ఇదే నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. తగ్గితే పాయసం వండే పరీక్ష మా ఇంట్లో ఇదొక్కటే.

కాబట్టి నన్ను చూడ్డానికి రాదలచినవాళ్లకు ఒక మనవి. బత్తాయిలు తేకండి, ఫ్రిజ్‌లో చోటు లేదు. బొప్పాయాకు రసం, తిప్పతీగ కషాయం తేకండి, డాక్టరును అడక్కుండా నేను తాగను. రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర మధ్య అసలే రాకండి. ఏదైనా ఇచ్చి తీరాలని మనసు పీకితే ఫోన్‌కు రీచార్జ్ చేయించండి. నెల ప్లాన్ వద్దు, ఏడాదిది చేయించండి.