బోల్టుకో అయస్కాంతం, వాషర్‌కో నమస్కారం

ఇంకేం, మన ఇంజన్లకి ఇక చావు లేదు. మ్యాగ్నెట్ డ్రెయిన్ ప్లగ్ వచ్చేసింది కదా! సర్వీసుకి బండి ఇవ్వడం ఆలస్యం, అడ్వైజర్ ట్యాబ్ పట్టుకుని ఎదురొచ్చి వ్రతకథ మొదలుపెడుతున్నాడు. ఆయిల్ చాంబర్ అడుగునుండే మామూలు బోల్టు తీసి అయస్కాంతం బోల్టు బిగిస్తే ఇనుప రజనంతా దానికే అతుక్కుంటుందట, ఇంజన్ ఆయుష్షు రెట్టింపట. అక్షింతలు వేసుకోవడం మన వంతు. ప్రసాదం బిల్లులో.

అయ్యా, అయస్కాంతానికి అంటేది ఇనుము. ఇప్పటి కార్లలో పిస్టన్లు అల్యూమినియం, చాలావాటికి బ్లాకూ అల్యూమినియమే. బేరింగుల లోపలి పొరల్లో రాగి, తగరం, అల్యూమినియం. అవి అరిగి రాలే పొడి మీ అయస్కాంతం వైపు కన్నెత్తి కూడా చూడదు. ఇక ఇనుప రజనంటారా, ఆయిల్‌తో పాటు తిరిగేదాన్ని ఫిల్టర్ ఎప్పట్నుంచో పడుతూనే ఉంది. పాపం, దానికి ప్రచారం లేదు. ఫిల్టర్ లేని మాన్యువల్ గేరుబాక్సుకి అయస్కాంతం పెట్టారంటే అర్థముంది. ఇంజన్‌కి పెట్టి, మరుసటి సర్వీసులో బోల్టు కొనకి పట్టిన నల్లటి ముద్దని వేలితో తీసి, “చూశారా సార్, ఎంత పట్టిందో” అని వాట్సాప్‌లో ఫొటో పంపడమేమిటి? తిరిగే ఇంజన్‌లో ఆ కాస్త రజను ఉండక ఏముంటుంది?

నైట్రోజన్ గాలి జోలికి పోను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందంటే టైర్లు నొచ్చుకుంటాయి.

ఇంతకీ ఆ బోల్టు కింద ఒక వాషర్ ఉంటుంది. చాలా కార్లలో రాగిదో అల్యూమినియందో పల్చటి బిళ్ళ. బోల్టు బిగిస్తే మెత్తగా నలిగి, బోల్టుకీ చాంబర్‌కీ మధ్య సందు పూడ్చి, ఆయిల్ కారకుండా ఆపుతుంది. ఒకసారి నలిగాక దాని పని అయిపోయినట్టే. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వెయ్యమంటారు. చాలా కార్లకి దాని ఖరీదు ప్లేటు ఇడ్లీ అంత కూడా ఉండదు.

దీన్ని మాత్రం మార్చరు. బిల్లులో వేస్తారు, బండికి వెయ్యరు.

నా బిల్లులో ‘డ్రెయిన్ ప్లగ్ వాషర్ – 1’ అని శుభ్రంగా ఉంది. విడిభాగాల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దించారు కదా, వెయ్యని వాషర్ మీద కూడా ఆ తగ్గింపు నిజాయతీగా ఇచ్చారు. తర్వాత పార్కింగ్ బండ మీద నల్లటి చుక్క కనిపించింది. వీధి చివరి మెకానిక్ విప్పి చూపించాడు: ఒక పక్క నొక్కుకుపోయి, మధ్యలో గాడి పడి, అంచుకి మట్టి గట్టిన పాత వాషరే. అడ్వైజర్‌ని నిలదీస్తే, “సిస్టమ్‌లో వేసినట్టే ఉంది సార్” అన్నాడు. సిస్టమ్‌లో వేస్తే ఆయిల్ కూడా సిస్టమ్‌లోనే కారాలి. నా పార్కింగ్‌లో ఎందుకు కారుతోంది?

ఇది చిల్లర గొడవ కాదు. పాత వాషర్ కారుతుందని వాళ్ళకీ తెలుసు. అందుకే చక్రాల నట్లు విప్పే గన్ తెచ్చి డ్రెయిన్ బోల్టుకి పెట్టి బర్రుమనిపిస్తారు. చాలా చిన్న కార్లకి ఆ బోల్టు 35, 40 న్యూటన్ మీటర్లకి బిగిస్తే చాలు. టార్క్ రెంచ్ టిక్కుమనగానే చెయ్యి తీసెయ్యాలి. ఆ రెంచ్ గోడకి వేలాడుతూనే ఉంటుంది, ఆడిట్‌కి వచ్చినవాళ్ళు చూసుకోవడానికి. అల్యూమినియం చాంబర్‌కి గన్ పెడితే మర పోతుంది. అప్పుడు “మర స్లిప్ అయింది సార్, చాంబర్ మార్చాలి” అంటూ వేలల్లో ఎస్టిమేట్. పోగొట్టింది వాళ్ళు, కట్టేది మనం. ఇడ్లీ డబ్బుల కోసం ఊరివాళ్ళ ఇంజన్లు పాడుచెయ్యడాన్ని దొంగతనం అనే అంటారు.

ఈసారి పాత వాషర్ చేతిలో పెట్టమని అడగండి. పారేశామంటే చెత్తబుట్ట చూపించమనండి. అందులోనూ లేకపోతే బండిని మళ్ళీ ర్యాంపు ఎక్కించి, దగ్గరుండి బోల్టు విప్పించండి. పోసిన ఆయిలంతా కారిపోతే పోనివ్వండి, కొత్త డబ్బా వాళ్ళ ఖర్చుతో తెప్పించండి.